పదకొండు గంటల మీటింగుకు రానివాళ్లు

1984 జూలై 16, సోమవారం ఉదయం డాక్టర్ ఎన్. దేవమణి గారు మన పరిశోధన కేంద్రంలో సహాయ పరిశోధకురాలిగా చేరారు. అప్పటికింకా డాక్టరు కారు. హోమ్ సైన్సులో ఎమ్మెస్సీ పట్టా, ఒక రేకు పెట్టె, కారుతున్న గొడుగు, ఇవే వారి వెంట వచ్చినవి. నియామక పత్రం అందుకున్న గుమాస్తా ఆమెను ఎగాదిగా చూసి, "హోమ్ సైన్సా? ఇక్కడ వంటిల్లు లేదమ్మా" అన్నాడట. దేవమణి గారు నవ్వలేదు, కోప్పడలేదు. "వంటింట్లోకి బియ్యం ఎవరు పండించి పంపుతున్నారో చూద్దామని వచ్చానండీ" అని రిజిస్టరులో సంతకం పెట్టారు.

2016 జూన్ 30న, ముప్ఫై రెండేళ్లకు పదహారు రోజులు తక్కువగా, పదవీ విరమణ చేశారు. ఆ రోజు సన్మానం వద్దన్నారు. ఈ సెప్టెంబరు 24న సభకు ఒప్పుకున్నారు గానీ రెండు షరతులు పెట్టారు. ఒకటి, తమకు వీడ్కోలు చెప్పే సభే కొత్త సమన్వయకర్త డాక్టర్ ఝాన్సీ గారికి స్వాగత సభ కావాలి. రెండోది మన సంచిక కమిటీని ఇబ్బందిలో పెట్టింది. "నేను చేసిన మంచి పనులు రాస్తే రాయండి. చేసిన పొరపాటు మాత్రం తప్పకుండా రాయండి" అన్నారు.

ఆ షరతు ప్రకారమే ఈ వ్యాసం.

దేవమణి గారి స్వస్థలం నౌపడ దగ్గరి ఒక పల్లె. తండ్రి ఏసుదానం గారు ఉప్పు మళ్లలో కూలి. తల్లి సువార్తమ్మ గారు ఎండాకాలం ఉప్పు మోసేవారు, వానాకాలం ఉబాలకు, అంటే వరినాట్లకు, వెళ్లేవారు. ఉబాల రోజుల్లో అమ్మ ఎప్పుడు లేచేదో, ఎప్పుడు వెళ్లేదో ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. కళ్లు తెరిచేసరికి అమ్మ పడుకున్న చోట చాప చుట్టి ఉండేది, కుండలో చల్దన్నం ఉండేది. సాయంత్రం దీపాలవేళకు తిరిగొచ్చిన అమ్మ గుమ్మంలోనే కూలబడి, పిల్ల చేత నడుం తొక్కించుకునేది. బాప్టిస్టు మిషను వారి బడిలో మొదలైన దేవమణి గారి చదువు స్కాలర్‌షిప్పుల మీద ఒక్కో మెట్టే ఎక్కి ఎమ్మెస్సీ దాకా వచ్చింది. ఇన్ని శాస్త్రాలుండగా వ్యవసాయంలో ఆడవాళ్ల శ్రమను ఎందుకు ఎంచుకున్నారని ఎవరైనా అడిగితే, "మా అమ్మ నడుం మీద నిలబడి చదువుకున్నానండీ" అనేవారు. వినేవాళ్లు అదేదో అలంకారమనుకునేవారు. ఆమె జరిగిన సంగతే చెప్పేవారు.

మొదటి పదేళ్లూ కొలతలతోనే గడిచాయి. కలుపు తీసేటప్పుడు మనిషి ఎంతసేపు వంగి ఉంటుంది, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుంది, వరి కోతలో కొడవలి పిడి ఎంత లావుంటే అరచేయి బొబ్బ కట్టదు, ఇలాంటివి. 1993లో డాక్టరేటు వచ్చింది. వారు గీసిన బొమ్మ ప్రకారం చేయించిన సన్నపిడి కొడవళ్లు ఈనాటికీ విజయనగరం సంతల్లో అమ్ముతున్నారు. వాటి వెనక ఒక మనిషి ఉన్నారని కొనేవాళ్లకు తెలియదు. మధ్యలో నౌపడ రైల్వే స్టేషనులో పనిచేసే థామస్ గారితో వివాహమైంది, అరసవల్లిలో కాపురం పెట్టారు, పద్మజ పుట్టింది. రోజూ పొద్దున్నే బస్సులో బయల్దేరి దీపాలవేళకు ఇల్లు చేరేవారు.

2005 ఏప్రిల్‌లో 'మహిళలు, వ్యవసాయం' పరిశోధన పథకం మన కేంద్రానికి వచ్చినప్పుడు సమన్వయకర్త ఎవరన్న ప్రశ్నే రాలేదు. పదకొండు గ్రామాలు, ఒక జీపు, డ్రైవరు చినబాబు, ఇద్దరు సహాయకులు. ప్రతి ఊళ్లో ఒక మహిళా రైతు బృందం. నెలకోసారి మీటింగు. ఆడవాళ్లకు ఏ పని ఎక్కువ కష్టంగా ఉందో వాళ్లనే అడిగి, ఆ కష్టం తగ్గించే పనిముట్టు వాళ్ల చేతికే ఇవ్వాలన్నది పథకం ఉద్దేశం.

ఏ ఊళ్లో అడిగినా ఒకటే జవాబు వచ్చింది. ఉబాలు.

ఆ జవాబు నుంచే డ్రమ్ సీడర్ వచ్చింది. నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు వరసగా గుచ్చిన తేలికపాటి బండి అది. డబ్బాల్లో మొలకెత్తిన వడ్లు పోసి దమ్ము చేసిన మడిలో లాక్కుంటూ పోతే విత్తనం వరసలుగా రాలుతుంది. ఆకుమడి అక్కర్లేదు, నాట్లు అక్కర్లేదు. పన్నెండు మంది ఆడవాళ్లు పొద్దస్తమానం వంగి చేసే ఎకరం పనిని ఒక్క మనిషి రెండు మూడు గంటల్లో ముగిస్తాడు. 2007లో మూడు ఊళ్లలో మొదలై 2012కల్లా పదకొండు ఊళ్లకూ పాకింది. ఆ ఏడాదే పథకానికి జాతీయ స్థాయిలో బహుమతి వచ్చింది. ఇత్తడి ఫలకం మీద 'మహిళల శ్రమను తగ్గించినందుకు' అని చెక్కి ఉంది. మన మీటింగు హాలు గోడకు దాన్ని బిగించిన రోజు దేవమణి గారు చాలాసేపు దాని కింద నిలబడ్డారు. సువార్తమ్మ గారు పోయి అప్పటికి ఆరేళ్లు.

ఇక ఆ పొరపాటు.

2014 ఆగస్టు 14, రెండో గురువారం. దాసరివలసలో మీటింగు. పొద్దుటి నుంచి ముసురు. దారిలో గెడ్డ, అంటే వాగు, పొంగి జీపు ఇవతలి గట్టునే ఆగిపోయింది. నీళ్లు తగ్గేసరికి మధ్యాహ్నం నాలుగు దాటింది. చినబాబు జీపు వెనక్కి తిప్పబోయాడు.

"ఇంకేటి మేడం, పదకొండు గంటల మీటింగుకి ఐదింటికెల్తే ఎవులుంటారు?"

"ఎవరూ లేకపోతే తాళం చూసి వద్దాం. పోనీ."

బృందంలోని ఆడవాళ్లు ఎదురుచూసి ఎప్పుడో ఇళ్లకు వెళ్లిపోయారు. బడి వరండాలో మాత్రం ఐదుగురు ఆడవాళ్లు ఉన్నారు. మోకాళ్ల దాకా బురద, తల మీద ఎరువు సంచిని మడిచి చేసుకున్న గొంగడి. వానకు తలదాచుకున్నారు. వాళ్లలో పెద్దావిడ జీపును చూసి లేచి నిలబడింది. పేరు దాలమ్మ. ఆ ఊరి ఉబాల జట్టుకు పెద్ద.

"మీరు మన మీటింగులకు ఎప్పుడూ కనబడలేదే?" అని దేవమణి గారు పలకరించారు.

"మీటింగేటి? ఎప్పుడవుద్ది?"

"నెల నెలా, రెండో గురువారం. పదకొండు గంటలకు."

దాలమ్మ పక్కనున్న వాళ్లకేసి తిరిగింది. "విన్నారా ఒసే? పదకొండు గంటలకంట!" ఐదుగురూ ఒక్కసారి నవ్వారు. నవ్వి నవ్వి ఒకామెకు దగ్గు వచ్చింది. "ఓలమ్మా, పదకొండు గంటలకి నడుం ఎత్తితే పొలం కామందు ఊరుకుంటాడేటి? ఆ యేళకి ఊళ్లో ఉండేదెవులు? కాళ్లకి మట్టంటనోళ్లు, మంచం దిగనేనోళ్లు. ఆళ్లకేనా నీ మీటింగు?"

దేవమణి గారు వాళ్ల పక్కనే వరండా నేల మీద కూర్చున్నారు.

"అయితే ఆ డబ్బాల బండి తెచ్చింది నువ్వేనన్నమాట" అంది దాలమ్మ, ఈసారి నవ్వు లేకుండా. "ఎవులైనా కనబడితే అడగాలనుకుంటన్నాను. అది ఎవుల కోసం తెచ్చినావు మాయమ్మా?"

"మీ కోసమే. మీకు నడుం నొప్పి తగ్గాలని."

"తగ్గినాది. నడుం నొప్పీ పోనాది, పనీ పోనాది. మా జట్టుల పద్నాలుగు మందిమి. ఒకప్పుడు నెల్లాళ్లు ఉబాలే ఉబాలు. ఇప్పుడు సూడు, ఐదుగురిమి మిగిలినాం. ఇయాల ఆరు మైళ్లు నడిసెల్లి ఒకే ఒక్క మడి ఊడ్సి వచ్చినాం. ఆ రైతు కూడా వచ్చేయేడు బండి కొంటాడంట."

"మిగిలిన తొమ్మిది మంది?"

"ఇటికల బట్టీలకి కొందరు, మెడ్రాసు కొందరు. నా కూతురు అమ్మడు మెడ్రాసెల్లినాది, మేడలు కట్టే పనికి. రెండేళ్లయినాది. పోయిన సంకురాత్రి నుంచీ ఫోను కలవదు. నువ్వు సదూకున్నదానివి కదా. నీ సెల్లు నుంచి సేసి సూడు, కలుస్తాదేమో."

దేవమణి గారు చేశారు. కలవలేదు. దాలమ్మ పట్టుబడితే ఇంకోసారి చేశారు. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు చెప్పింది. దాలమ్మకు ఆ భాష తెలియదు. "ఎవులో ఎత్తినారు కదా, ఏటంటంది?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో జీపు గెడ్డ దాటింది. దేవమణి గారు, "చినబాబూ, మీ అమ్మగారు ఎప్పుడైనా మన మీటింగుకు వచ్చారా?" అన్నారు. చినబాబుది దాసరివలసకు పక్కూరే. అదీ ఆ పదకొండు గ్రామాల్లో ఒకటి.

"రానేదు మేడం."

"ఎందుకని?"

"ఎందుకేటి? ఆ యేళకి పొలంల ఉంటాది."

"తొమ్మిదేళ్లు నా పక్కన కూర్చుని జీపు నడిపావు. ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు అడగనేదు కదా మేడం" అన్నాడు చినబాబు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మీటింగు పదకొండు గంటలకే ఎందుకు? ఎవరూ ఆలోచించి పెట్టిన వేళ కాదది. ఆఫీసు పదింటికి తెరుస్తారు. హాజరు పడ్డాక గానీ డీజిలు చీటీ రాదు. గంట ప్రయాణం. భోజనాల వేళకు జీపు తిరిగి రావాలి. అంచేత పదకొండు. తొమ్మిదేళ్ల పాటు పదకొండు ఊళ్లలో ఆడవాళ్లకు ఏది కష్టమో, ఏది సుఖమో తేల్చింది మన జీపు తిరిగే వేళ.

మర్నాడు పంద్రాగస్టు. జెండా వందనం కాగానే అందరూ ఇళ్లకు వెళ్లారు. దేవమణి గారు బీరువా తీసి తొమ్మిదేళ్ల హాజరు పట్టీలన్నీ నేల మీద పరిచారు. ఒక్కో కాగితమే చూసుకుంటూ పోయారు. అన్నీ సంతకాలే. కొన్ని వంకరవి, కొన్ని గుండ్రటివి, కొన్ని ఇంగ్లీషులో పొడి అక్షరాలు. వేలిముద్రలు మాత్రం వందకు నాలుగైనా లేవు. ఈ జిల్లాల్లో కూలికెళ్లే నడివయసు ఆడవాళ్లలో ఎంతమంది సంతకం పెడతారో వారికి తెలియంది కాదు. సువార్తమ్మ గారు బతికినన్నాళ్లూ వేలిముద్రే వేశారు. ఆ కాగితాలన్నీ దేవమణి గారి చేతుల మీదుగా వెళ్లినవే, ప్రతి దాని అడుగునా వారి సంతకం ఉంది. అడగగానే ఉబాలే కష్టమని చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఉబాల రోజుల్లో పన్నెండు మంది కూలీలను కుదిర్చి, వాళ్లకు వండి పెట్టి, వేళకు పంపించడం ఆ ఇళ్ల ఆడవాళ్లకు నిజంగానే కష్టం. మడిలో వంగినవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం థామస్ గారితో, "మా అమ్మ బతికుండి ఆ ఊళ్లోనే ఉన్నా, నా మీటింగుకు వచ్చేది కాదండీ" అన్నారట. ఆ రాత్రి వారు భోంచేయలేదని పద్మజ చెప్పింది.

సెప్టెంబరు నుంచి మీటింగు వేళ మారింది. కొన్ని ఊళ్లలో తెల్లవారుజామున ఐదింటికి, కొన్నిట సాయంత్రం ఆరు దాటాక, కూలీల వీధుల్లోనే. ఆ వేళల్లో జీపు ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోలేదు. చినబాబు తన మోటారు సైకిలు తెచ్చాడు. యాభై ఎనిమిదేళ్ల దేవమణి గారు మోకాళ్ల నొప్పులతో దాని వెనక కూర్చుని దాదాపు రెండేళ్లు తిరిగారు. అక్టోబరులో తుపాను వచ్చి ఊళ్లకు ఊళ్లు చీకటైపోయినప్పుడు కూడా మానలేదు. మూడు వందల నలభై మంది కూలి ఆడవాళ్లతో మాట్లాడారు. ఏడాదికి సగటున ముప్ఫై ఒక్క రోజులున్న ఉబాల పని తొమ్మిది రోజులకు పడిపోయింది. కలుపు పనీ పోయింది. డ్రమ్ సీడర్‌తో విత్తిన మడిలో కలుపు మందు కొడతారు, ఆ మందు కొట్టేది మగవాళ్లు. నూట పన్నెండు ఇళ్లలో ఆడవాళ్లు వలస పోయారు. వాళ్లలో ఏడుగురి జాడ ఇళ్లవాళ్లకు తెలియదు. ఆ ఏడుగురిలో అమ్మడు ఒకతె. దేవమణి గారు మద్రాసులో తమ చర్చి వాళ్ల ద్వారా, కూలీల సంఘాల ద్వారా వాకబు చేయించారు. ఏమీ తెలియలేదు. ఇవాళ్టికీ తెలియలేదు.

పథకం చివరి నివేదికలో ఇదంతా ఒక అధ్యాయమైంది. పేరు 'మా సమావేశాలకు రానివారు'. మొదటి వాక్యం ఇది: 'ఈ పథకం తాను ఎవరి శ్రమ తగ్గించాలనుకుందో వారిని తొమ్మిదేళ్లు కలుసుకోలేదు, వారి జీవనాధారాన్ని మాత్రం తీసివేసింది.'

ఆ నివేదిక ఈ ఏడాది జూన్ నెలలో మన ప్రధాన శాస్త్రవేత్త తిరుమలరావు గారి బల్ల మీదికి చేరింది. వారు దాన్ని పైకి పంపలేదు.

"మన మీద మనమే ఫిర్యాదు రాసుకుంటామా మేడం?" అన్నారు. "సెప్టెంబరులో పథకం పొడిగింపు ఉంది. ఈ ఒక్క అధ్యాయం చాలు, మూసేస్తారు. మూసేస్తే మీ దాలమ్మకు ఒరిగేదేమిటి? కొత్తగా వచ్చే అమ్మాయి ఉద్యోగం ఏమవుతుంది? తీసేయండి. మిగతా రెండు వందల పేజీలూ బంగారం."

"ఆ ఒక్క అధ్యాయమే నిజమండీ. మిగతావన్నీ పదకొండు గంటలకు రాసినవి."

"అయితే నా దగ్గరే ఉంటుంది."

తేదీలు తిరుమలరావు గారి పక్షాన ఉన్నాయి. జూన్ 30 సాయంత్రం ఐదు దాటితే దేవమణి గారి సంతకానికి విలువ లేదు. ఆ తర్వాత నివేదిక ఎలా వెళ్లాలో నిర్ణయించేది కొత్త సమన్వయకర్త. పాత, కొత్త సమన్వయకర్తలిద్దరూ సంతకం చేస్తే మాత్రం దాన్ని ఆపడం వారికీ కష్టమే. ఈ సంగతులు ఇక్కడ రాయవచ్చా అని అడిగినప్పుడు తిరుమలరావు గారు, "రాయండి. నేను ఒప్పుకోలేదన్నదీ రాయండి" అన్నారు. వారి పెద్దమనసుకు సంచిక కమిటీ కృతజ్ఞతలు.

జూన్ 29 ఉదయం డాక్టర్ ఝాన్సీ గారు వచ్చారు. ముప్ఫై నాలుగేళ్ల వయసు, బెంగళూరులో పరిశోధన ముగించుకుని వచ్చిన మనిషి. సొంతూరు రామతీర్థం పక్కనే, తరతరాలుగా వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబం. దేవమణి గారు బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, నివేదిక నకలు అప్పగించారు. తిరుమలరావు గారు వద్దన్న అధ్యాయం ఏదో దాచకుండా చెప్పారు. ఇంకేమీ అడగలేదు.

ఝాన్సీ గారు భోజనాల వేళ దాటేదాకా తల ఎత్తకుండా చదివారు. చివర జతచేసిన హాజరు పట్టీల నకళ్ల దగ్గర చాలాసేపు ఆగారు. తర్వాత ఆ కాగితం దేవమణి గారి ముందు పెట్టి ఒక గుండ్రటి సంతకం మీద వేలు ఉంచారు.

"ఈ ఈశ్వరమ్మ మా అమ్మ, మేడం."

దేవమణి గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"మీ మీటింగుకు వెళ్లే రోజు మా అమ్మ చీర మార్చుకునేది. డ్రమ్ సీడర్ కావాలని మా ఊళ్లో మొదట చెయ్యెత్తింది తనే. మేం కొన్నాం. ఆ ఏడాది ఉబాలకు వంట చెయ్యక్కర్లేదని ఎంత సంతోషపడిందో!" ఝాన్సీ గారు సంతకం మీది వేలు తీశారు. "మా అమ్మ తప్పు చేసిందని రాశారు మీరు."

"మీ అమ్మగారిది తప్పు కాదమ్మా. తప్పు నాది."

"ఏమో మేడం. నేను చూడనిదాని మీద సంతకం పెట్టలేను."

దేవమణి గారు తలూపారు. కాగితాలు సర్ది ఫైలు తాడు కట్టారు. ఆ సాయంత్రం చినబాబు బస్టాండులో దింపితే, "నీ బండి పెట్రోలు దండగ చేశాను చినబాబూ" అన్నారు. పదకొండేళ్లలో వారి నోట అలాంటి మాట వినడం అదే మొదలంటాడు చినబాబు.

జూన్ 30. ఉదయం పదింటికి ఝాన్సీ గారు ఆఫీసుకు రాలేదు. చినబాబూ రాలేదు. పన్నెండయింది. రెండయింది. తిరుమలరావు గారు, "చెప్పాను కదా మేడం, ఆ అమ్మాయికి ముందు బోలెడు సర్వీసుంది" అన్నారు, ఎత్తిపొడుపుగా కాదు, కాస్త జాలిగానే. దేవమణి గారు సొరుగు ఖాళీ చేశారు. గోడ మీది ఇత్తడి ఫలకాన్ని స్వయంగా స్క్రూలు ఊడదీసి స్టోరు రూములో పెట్టించారు.

మూడున్నరకు మోటారు సైకిలు వచ్చింది. వెనక ఝాన్సీ గారు, చెదిరిన జుట్టుతో, ఎండకు కందిన మొహంతో.

తెల్లవారుజామున ఐదింటికల్లా చినబాబు బండి మీద దాసరివలస కూలీల వీధికి వెళ్లారట. ఆ వీధి ఆడవాళ్లు పద్నాలుగు మంది ఒక్క ఆటోలో కుక్కుకుని పట్నం బయల్దేరుతుంటే తనూ ఎక్కారు. పట్నంలో కూడలి దగ్గర మేస్త్రీలు వచ్చి కూలీలను ఏరుకునే అడ్డా ఉంది. అక్కడ వాళ్లతో పాటే నిలబడ్డారు.

"తొమ్మిది మందిని తీసుకెళ్లారు మేడం. దాలమ్మను తీసుకోలేదు. వయసైపోయిందన్నారు. ఒక మేస్త్రీ నన్ను చూసి, 'ఇదెవత్తే, కొత్తదా? ఇటికలు మొయ్యగలదా?' అని దాలమ్మను అడిగాడు. ఆవిడేమందో తెలుసా? 'ఇది మొయ్యనేదురా బావా. దీని సేతులు సూడు, కాయితాలు మోసే సేతులు' అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." ఝాన్సీ గారు చెదిరిన జుట్టు వెనక్కి తోసుకున్నారు. "దారిలో మా ఊరు ఆగాం. మన పొలంలో ఉబాలకు ఎవరెవరు వచ్చేవారని అమ్మను అడిగాను. ఇరవై ఏళ్లు వండి పెట్టిన మనిషి మేడం. నాలుగు పేర్లు కూడా చెప్పలేకపోయింది. ఏడ్చింది. నాకూ ఒక్క పేరు తెలియదు."

నాలుగూ పదికి నివేదిక మీద దేవమణి గారు సంతకం చేశారు. దాని కింద, బాధ్యతలు స్వీకరిస్తున్న సమన్వయకర్తగా, అన్ని అధ్యాయాలతో అంగీకరిస్తూ ఝాన్సీ గారు సంతకం చేశారు. ఇద్దరూ కలిసి తిరుమలరావు గారి గదిలోకి వెళ్లారు. వారు రెండు సంతకాలూ చూసి, "పథకం పోతే నా దగ్గరకు వచ్చి ఏడవకండి" అని పైకి పంపుతున్నట్టు ముద్ర వేశారు. ఐదు గంటలకు దేవమణి గారు రేకు డబ్బాలో టిఫిను గిన్నె, కళ్లజోడు పెట్టె, బైబిలు వేసుకుని బస్సెక్కారు.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. సెప్టెంబరు 9న ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. నివేదికలో నిజాయితీని మెచ్చుకున్నారు. పథకాన్ని ఒక్క ఏడాదికి మాత్రమే, సగం సిబ్బందితో పొడిగించారు. డ్రమ్ సీడర్ల గురించి ఏమీ అనలేదు. అన్నా, రైతులు కొనుక్కున్న బండ్లు వెనక్కి రావు. ఝాన్సీ గారికి మిగిలినవి ఒక గది, ఒక సహాయకుడు, పదకొండు ఊళ్లు, పన్నెండు నెలలు. వారు మొదటి ఉత్తర్వుగా మీటింగు వేళల పట్టిక మార్చి గోడకు అంటించారు. ఇంత బరువైన కుర్చీలోకి తెలిసి తెలిసి వచ్చి కూర్చున్నందుకు మన కేంద్రం వారిని మనసారా స్వాగతిస్తోంది.

జవాబు వచ్చిన రెండో రోజున దేవమణి గారు దాసరివలస వెళ్లారు. ఇప్పుడు జీపు లేదు, హోదా లేదు. బస్సు దిగి నడిచి వెళ్లారు. దాలమ్మ అరుగు మీద కూర్చుని వేరొకరి పిల్లను ఆడిస్తోంది. దేవమణి గారు జరిగిందంతా చెప్పారు. తప్పు ఒప్పుకుంటూ పుస్తకం రాశామనీ, ఢిల్లీ దాకా వెళ్లిందనీ, అందులో దాలమ్మ పేరూ అమ్మడు పేరూ ఉన్నాయనీ చెప్పారు.

దాలమ్మ అంతా విన్నది. "రాసినావు, మంచిదే" అంది. "మరి ఉబాలెప్పుడొస్తాయి?"

దేవమణి గారికి అబద్ధం చెప్పే అలవాటు లేదు. ఆ అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుని, చివరి బస్సుకు ఇల్లు చేరారు. ఇకమీదట ప్రతి రెండో గురువారం అక్కడికి వెళ్తారనీ, వెళ్లినప్పుడల్లా అమ్మడి గురించి కొత్తగా ఎవరిని వాకబు చేశారో చెప్పి వస్తారనీ థామస్ గారు చెప్పారు.

ముప్ఫై రెండేళ్లు మన మధ్య పనిచేసి, పేరు తెచ్చిన పనిలోనే పొరపాటు పట్టుకుని, దాన్ని తమ చేత్తోనే రాసి వెళ్లిన డాక్టర్ దేవమణి గారికి మన కేంద్రం తరఫున నమస్కారం. థామస్ గారి తోడు, పద్మజ ప్రేమ, మంచి కంటిచూపు, నొప్పెరగని మోకాళ్లు వారికి చిరకాలం ఉండాలి. దాలమ్మ అడిగినదానికి మనమందరం కలిసి ఒక జవాబు వెతకడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియదు. ఎన్నేళ్లు పట్టినా, ఆ జవాబు పట్టుకుని దాసరివలస దాకా నడిచి వెళ్లగలిగేంత ఆయుష్షు, ఆరోగ్యం వారికి కలగాలని కోరుకుంటున్నాం.